ఆగడానికి మెకానిక్ కానక్కర్లేదు

మన సంఘంలోకి కొత్తగా వచ్చిన కుటుంబాలకు కారు ప్రయాణాల గురించి మనం చెప్పే జాగ్రత్తల్లో రెండు తప్పకుండా ఉంటాయి. దారిలో మీ బండి చెడిపోతే ముక్కూమొహం తెలియనివాళ్లకు తలుపు తీయవద్దు. ఎవరి బండో ఆగిపోయి కనిపిస్తే మీరు ఆగవద్దు. మొదటిదానిలో కొంత వివేకం ఉంది. రెండోదాన్ని మాత్రం ఇకనైనా చెప్పడం మానుకోవాలని నా అభిప్రాయం.

నిరుడు చలికాలంలో, ఊళ్లకు చాలా దూరంగా ఉన్న ఒక రోడ్డు మీద మా కారు డాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. కాసేపటికి హెడ్‌లైట్లు మసకబారాయి. పక్కకు తీసి ఆపాక ఇంజను మళ్లీ అందుకోలేదు. ఫోనులో సిగ్నల్ లేదు. ఎన్నో బండ్లు మమ్మల్ని దాటిపోయిన తరువాత ఒక పాత పికప్ ట్రక్కు వేగం తగ్గించి, కాస్త ముందుకు వెళ్లి ఆగింది. అందులోంచి దిగిన పెద్దాయన మా దగ్గరికి రాలేదు. రెండు చేతులూ మాకు కనబడేలా ఉంచుకుని, తన ట్రక్కు వెనుకనే నిలబడి, ఎవరికైనా కబురు చేయగలిగారా అని అక్కడి నుంచే గట్టిగా అడిగారు. మేము భయపడతామని ఆయనకు తెలుసు. ఆయనకు మా గురించి భయం ఉండి ఉండవచ్చునన్న ఆలోచన మాత్రం నాకు ఇంటికి చేరాక గానీ రాలేదు.

జంపర్ కేబుళ్లు తగిలించేటప్పుడు ఆయన చివరి నల్ల క్లిప్పును మా బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజను మీది ఒక బోల్టుకు పట్టించారు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడవచ్చు కాబట్టి నిప్పురవ్వ దాని దగ్గర పుట్టకూడదని వివరించారు. ఇంజను అందుకుంది కానీ ఎర్ర గుర్తు ఆరలేదు. కేబుళ్లు తీసి మీటరు పెట్టి చూస్తే, ఇంజను నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దరిదాపుల్లో ఉండవలసినది 12 దగ్గరే ఉండిపోయింది. చెడిపోయింది బ్యాటరీ కాదు, దానికి ఛార్జి ఎక్కించే ఆల్టర్నేటర్. మళ్లీ కేబుళ్లు తగిలించి, తన ట్రక్కు నుంచి మా బ్యాటరీకి కొంత ఛార్జి ఎక్కనిచ్చి, హీటరు కట్టేయమని చెప్పి, హజార్డ్ లైట్లు వేసుకుని మా వెనకాలే పెట్రోలు బంకు దాకా వచ్చారు. డబ్బు ఇవ్వబోతే చేతులు జేబుల్లో పెట్టేసుకున్నారు.

ఇంతా చేసి ఆయన మా కారును బాగు చేయలేదు; ఆ రోడ్డు మీద అది ఎవరి వల్లా అయ్యే పని కాదు. ఇప్పటి కార్లలో చాలా లోపాలు రోడ్డు పక్కన సరిచేయగలిగేవి కావు. కొన్నింటిలో స్టెప్నీ టైరు కూడా ఉండడం లేదు, రంధ్రం పూడ్చే ద్రవమూ చిన్న గాలిపంపూ ఇచ్చి సరిపెడుతున్నారు. అందుచేత "నాకు బండి గురించి ఏమీ తెలియదు, ఆగి ఏం లాభం" అనేవారి మాట నాకు సబబుగా తోచదు. చిక్కుకున్నవారికి ముందుగా కావలసింది కబురు మోసేవారు, ఆ తరువాత కాస్త వెలుతురు, నీళ్లు, చలికి ఒక దుప్పటి. వీటిలో దేనికీ పానా పట్టడం రానక్కర్లేదు.

ఆగకపోవడం దుర్మార్గమని కూడా నేను అనడం లేదు. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రిన్స్‌టన్‌లో మతవిద్యార్థులపై జరిపి 1973లో ప్రచురించిన ప్రయోగంలో, దారిలో బాధపడుతున్న మనిషికి తొందరలో ఉన్నవారిలో 10 శాతం మంది సాయపడగా, తొందర లేనివారిలో 63 శాతం మంది సాయపడ్డారు. మన విషయానికి ఇంకా దగ్గరగా ఉన్నది బ్రయాన్, టెస్ట్ అనే పరిశోధకులు 1967లో ప్రచురించినది. లాస్ ఏంజెలెస్‌లో టైరు దిగిపోయిన కారు పక్కన ఒక యువతిని నిలబెట్టి, దాటిపోయే బండ్లను లెక్కించారు. రెండు వేల బండ్లలో 35 ఆగాయి. కొంత ముందుగా, అదే దారిలో మరొకామెకు ఎవరో టైరు మారుస్తున్న దృశ్యం కనబడేలా ఏర్పాటు చేసినప్పుడు, మరో రెండు వేల బండ్లలో 58 ఆగాయి. ఒకరు ఆగడం చూస్తే ఇంకొకరు ఆగుతారన్నమాట. మనం పిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఎవరి కోసమూ ఆగకుండా వెళ్లిపోతున్నప్పుడు వాళ్లు నేర్చుకుంటున్నది ఏమిటో వేరే చెప్పాలా?

"ఈ రోజుల్లో అందరికీ ఫోన్లున్నాయి, ఈపాటికి ఎవరినో పిలిచే ఉంటారు" అన్నది ఆగకపోవడానికి ఇప్పుడు అందరికీ దొరికిన కొత్త సాకు. 2022 చివరి నుంచి కొన్ని ఐఫోన్లలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే వీలు వచ్చిన మాట నిజమే. అయితే అది అన్ని దేశాల్లోనూ లేదు, పైన ఆకాశం కనబడాలి, దట్టమైన చెట్ల కింద అందకపోవచ్చు, ముందు ఫోనులో ఛార్జి ఉండాలి.

రాత్రివేళ ఒంటరిగా ప్రయాణించే స్త్రీని, లేదా కారు నిండా పసిపిల్లలున్న తల్లిని దిగమని నేను అడగను. వంపులో గానీ, బండ్లు జోరుగా పోయే చోట గానీ ఎవరూ ఆగకూడదు; అది ఇద్దరికీ ప్రమాదమే. అటువంటప్పుడు, మరొకరి చేత గానీ, ముందు సురక్షితమైన చోట ఆపి గానీ, అక్కడి అత్యవసర నంబరుకు ఫోన్ చేయిస్తే చాలు. సొంత నెట్‌వర్క్ లేని చోట కూడా, మరో కంపెనీ టవరు అందుతుంటే చాలా దేశాల్లో ఆ కాల్ కలుస్తుంది. ఏ రోడ్డు, ఏ దిక్కుగా వెళ్తున్న వైపు, దాటిన చివరి దూరపు రాయి మీద ఉన్న అంకె ఏమిటి, బండి రంగు ఏది, లోపల ఎందరు కనిపించారు అన్నవి చెప్పగలగాలి. కొత్తవారికి మనం ఇచ్చే జాగ్రత్తల కాగితంలో ఆ రెండో వాక్యాన్ని కొట్టేసి, దాని స్థానంలో ఈ వివరాలు అచ్చు వేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.