ఫ్లాట్ కొనేది మనం, దుమ్ము తినేది వాళ్లు

డిసెంబరు సెలవులకు హైదరాబాద్ వెళ్లొచ్చినవాళ్లు పచ్చళ్లతో, ఉస్మానియా బిస్కెట్లతో పాటు ఒక దగ్గును కూడా వెంట తెచ్చుకుంటున్నారు. అమెరికా తిరిగొచ్చాక నాలుగు రోజులకు తగ్గిపోతుంది, మనమూ మరిచిపోతాం. ఎప్పుడైనా పాట్‌లక్ భోజనాల దగ్గర హైదరాబాద్ గాలి కాలుష్యం మాట ఎత్తితే జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఎదిగే ఊరు కదండీ, కొంత తప్పదు. మరీ గట్టిగా పట్టుకుంటే కంపెనీలు పోతాయి, ఉద్యోగాలు పోతాయి."

ఎవరన్నా అనొచ్చు గానీ, ఇక్కడ ఉంటున్న మనం అనకూడని మాట ఇది. అమెరికాలో 1970లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. 2020 నాటికి ఆరు ప్రధాన కాలుష్య కారకాలు కలిపి 78 శాతం తగ్గాయని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క. ఆ యాభై ఏళ్లలోనే దేశ స్థూల ఉత్పత్తి దాదాపు నాలుగింతలైంది. పొగలో కొంత ఫ్యాక్టరీలతో పాటు వేరే దేశాలకు పోయిందంటారు, అదీ కొంత నిజమే. కానీ కార్లు ఎక్కడికీ పోలేదు, పెరిగాయి. పెట్రోలులో సీసం తీసేశారు, ఎగ్జాస్ట్‌లో విషవాయువులను తగ్గించే కన్వర్టర్ పెట్టారు, అంతే. కార్ల కంపెనీలు అప్పట్లో పెట్టిన గగ్గోలుకు ఈపాటికి డెట్రాయిట్‌లో ఒక్క కారు కూడా తయారవకూడదు.

హైదరాబాద్ ఢిల్లీ కాదు, ఒప్పుకుంటాను. అయినా ఏళ్ల తరబడి ప్రమాణాలు దాటిన నగరంగా 2019లోనే జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం జాబితాకెక్కింది, పటాన్‌చెరు, నల్లగొండలతో పాటు. ఆర్థిక నష్టమే మాట్లాడుకుందామంటే, 2019లో గాలి కాలుష్యం తెచ్చిన అకాల మరణాలు, జబ్బుల వల్ల భారతదేశం జీడీపీలో 1.36 శాతం పోగొట్టుకుందని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఖర్చు ఇప్పుడూ ఉంది. కాకపోతే కట్టేది బిల్డరూ కాదు, మిల్లు యజమానీ కాదు. సిగ్నల్ దగ్గర నిలబడ్డ కానిస్టేబులు, మిర్చిబండి వాడు, సైట్‌లో ఇటుకలు మోసే పాలమూరు కూలీ కడుతున్నారు.

ముందు దుమ్ము సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో మనకు వాటా ఉంది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేస్తున్న టవర్లలో ఎన్నారైలు కొన్న ఫ్లాట్లు ఎన్నో. అక్కడ పునాదులకు తవ్విన మట్టి టిప్పర్లలో పోతూ దారంతా రాలుతుంది, ఆ మట్టినే రోజంతా బళ్లు తొక్కి గాల్లోకి లేపుతాయి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2018 జనవరిలోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది: తవ్వేముందు దుమ్ము అదుపు ఏర్పాట్లు ఉండాలి, మట్టి, ఇసుక కప్పి ఉంచాలి, కప్పని లారీలు తిరగకూడదు, సైట్‌కు వెళ్లే దారి గట్టిపరచాలి, ఆరుబయట రాయి కోయకూడదు, ఈ ఏర్పాట్లన్నీ అందరికీ కనపడేలా సైట్ దగ్గర బోర్డు పెట్టాలి. వీటికయ్యే ఖర్చు ఎంత? కోటిన్నర ఫ్లాట్‌లో మాడ్యులర్ కిచెన్ ముందు ఇది కంటికి ఆనదు. మనం మాత్రం జూమ్‌లో సేల్స్ అబ్బాయిని వాస్తు అడుగుతాం, క్లబ్‌హౌస్ అడుగుతాం, పార్కింగ్ రెండా మూడా అని అడుగుతాం. ఆ బోర్డు చూపించమని, గేటు దగ్గర టిప్పర్ చక్రాలు కడుగుతున్నారా లేదా చూపించమని అడిగినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. అడ్వాన్సు కట్టేవాడు అడిగితే బిల్డరు వింటాడు. మున్సిపాలిటీ నోటీసుకు అంత శక్తి లేదు.

అయితే దుమ్ముతో కథ అయిపోదు. ఊపిరితిత్తుల లోతుకు దిగి రక్తంలో కలిసే సన్నని ధూళి ఎక్కువగా ఏదో ఒకటి కాలితేనే పుడుతుంది. డీజిలు, చెత్త, బాయిలర్లలో బొగ్గు. రోడ్లు ఎంత ఊడ్చినా అది తగ్గదు. ఫ్యాక్టరీల విషయంలో మనకు తెలిసినవి రెండే పద్ధతులు: వాళ్లు గేటు మూయడమో, మనం ముక్కు మూసుకోవడమో. మూసేయమని ఆర్డరిస్తే కార్మికులు రోడ్డున పడతారు, యజమాని కోర్టు నుంచి స్టే తెస్తాడు. ఈమధ్య మూడోది వినిపిస్తోంది, ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపేద్దామని. ఔటర్ అవతల ఉండేవాళ్లకు ముక్కులు లేవా? ఖాళీ అయ్యే భూమి మీద ఎవరి కళ్లున్నాయో చెప్పాల్సిన పనీ లేదు.

గుజరాత్‌లో వేరే దారి పట్టారు. సూరత్‌లో బొగ్గు వాడే మిల్లుల చిమ్నీలకు మీటర్లు బిగించి, అందరూ కలిసి ఇంతకు మించి ధూళి వదలకూడదని 2019లో ఒక పరిమితి గీశారు. తక్కువ వదిలిన మిల్లు తన దగ్గర మిగిలిన పర్మిట్లు, అంటే ఇంత ధూళి వదలొచ్చనే అనుమతులు, అమ్ముకోవచ్చు, ఎక్కువ వదిలేది కొనుక్కోవాలి. ధూళి కణాలకు ప్రపంచంలో ఇదే మొదటి మార్కెట్ అంటారు. పాత పద్ధతిలోనే ఉంచిన మిల్లులతో పోల్చి చూస్తే ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది, తగ్గించడానికయ్యే ఖర్చూ తగ్గింది. పాశమైలారం, జీడిమెట్ల, బొల్లారం పారిశ్రామిక వాడల్లో ఇది ఎందుకు మొదలుపెట్టకూడదు? లెక్కలు, మీటర్లు, సాఫ్ట్‌వేర్ మన ఊరికి కొత్త కాదు కదా.

ఇక బళ్లు. ఎలక్ట్రిక్ వాహనాలకు తెలంగాణ 2024 నవంబరులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది, 2026 డిసెంబరు 31 దాకా. పొగ తగ్గుతుంది, మంచిదే. కానీ అర కోటి పెట్టి కారు కొనేవాడికి లక్షల్లో మాఫీ ఎందుకో నాకు అర్థం కాదు. ఆ కారూ అదే ట్రాఫిక్‌లో నిలబడుతుంది, అదే దుమ్ము లేపుతుంది. ఈ గడువు పొడిగించాల్సి వస్తే ఆటోలకు, డెలివరీ బైకులకు, బస్సులకు పొడిగించాలి. కార్ల మీద వచ్చే పన్ను ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులకు ఇవ్వాలి. ఆ బస్సులు చేసే ఒలెక్ట్రా హైదరాబాద్ కంపెనీయే. ఉద్యోగాలు పోతాయని భయపడేవాళ్లు ఆ ఉద్యోగాలు కూడా లెక్కలో వేసుకోవాలి.