లవంగాల జలప్రవేశం

విశాఖపట్నం వాళ్ళకి జలప్రవేశాలు కొత్త కాదు. 1948 మార్చిలో నెహ్రూ గారు వచ్చి ఇక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడని నీళ్ళలోకి దించిన దగ్గర్నుంచీ మనకదో అలవాటు. అయినా పోయిన ఆదివారం మా వంటింట్లో, ఒక గాజు గ్లాసులో జరిగినంత ఘనమైన జలప్రవేశం ఈ ఊరు చూసి ఉండదని నా నమ్మకం.

నీళ్ళలోకి దిగినవి పన్నెండు లవంగాలు. మార్కెట్లో ఒక కొట్లో కొన్న ప్యాకెట్లోవి. కొట్టు పేరెందుకు లెండి, మీరు కొనే కొట్టూ అలాంటిదే. పరీక్ష చిన్నది. నూనె ఉన్న లవంగం నీళ్ళలో అడుక్కి దిగుతుంది, లేదా కనీసం నిటారుగా నిలబడుతుంది. నూనె లాగేసిన లవంగం పైనే అడ్డంగా పడుకుంటుంది.

పన్నెండూ పడుకున్నాయి. భోజనం చేసి కునుకు తీస్తున్నంత హాయిగా.

ఒక్కటి మాత్రం కాస్త కదిలింది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టాం. మావాడు ఫోన్లో వీడియో మొదలెట్టాడు. పేపరు కోసం వచ్చిన పక్క ఫ్లాటు పెద్దాయన ఓడల పనిలో రిటైరైనవారు. కళ్ళజోడు సవరించుకుని గ్లాసు మీదకి వంగారు. లవంగం రెండంగుళాలు దిగింది. మా ఆవిడ చప్పట్లు కొట్టబోయింది. అంతలో ఏం గుర్తొచ్చిందో, అది మళ్ళీ పైకొచ్చి మిగతావాటి పక్కన చేరింది. పెద్దాయన చాలాసేపు ఆలోచించి, ‘బ్యాలస్ట్ లేదండీ’ అని తేల్చారు. ఓడ నిలకడగా ఉండటానికి అడుగున వేసే బరువన్నమాట. బీచ్ రోడ్డు మీద ‘కురుసుర’ జలాంతర్గామిని 2002 నుంచి టికెట్టు కొని మరీ చూస్తున్న ఊరు మనది. మునగడం కూడా ఒక అర్హతేనని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

వ్యాపారుల తప్పేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. లవంగమంటే విచ్చుకోని పూమొగ్గ. ఎరుపెక్కే వేళకి కోసి ఎండబెడతారు. మంచి మొగ్గ బరువులో దాదాపు ఆరోవంతు నూనే. ఆ నూనె పళ్ళ డాక్టర్లకి కావాలి, టూత్‌పేస్టుల వాళ్ళకి కావాలి, సెంట్ల వాళ్ళకి కావాలి. కాబట్టి నూనె కొన్నవాడికి నూనె ముట్టింది, లవంగం కొన్న మనకి లవంగం ఆకారం ముట్టింది. మన వాటాలో సగానికి తలకాయల్లేవు, అది వేరే సంగతి. కన్యాకుమారి లవంగానికి 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చిందట. మా డబ్బాలోవాటిని చూస్తే పోస్ట్‌మార్టం రిపోర్టు తప్ప ఏదీ వచ్చేలా లేదు.

మన భీమిలిలో సమాధుల్లో పడుకున్న డచ్చివాళ్ళని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. పదిహేడో శతాబ్దంలో వాళ్ళ కంపెనీ లవంగం ధర కోసం ఇప్పటి ఇండోనేసియాలోని మొలక్కా దీవుల్లో లవంగం చెట్లు నరికించి, సాగంతా అక్కడి అంబోన్ దీవి చుట్టుపక్కలే ఉంచింది. దుర్మార్గులే. కానీ వాళ్ళు లవంగాన్ని దొరక్కుండా చేశారు. వీళ్ళు వీధివీధినా దొరికేలా చేసి, అందులో లవంగం లేకుండా చేశారు.

పెళ్ళి భోజనాల్లో వంటవాళ్ళు బిర్యానీలో గుప్పెళ్ళకొద్దీ ఎందుకు పోస్తారో ఇప్పుడర్థమైంది. వాసన రాదు కదా, సంఖ్యతో సరిపెడుతున్నారు. మొన్నొక పెళ్ళిలో నా ఆకు అంచున పదకొండు పేర్చాను. పక్కాయన పదిహేను పేర్చి గెలిచాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా అమ్మ సంగతి చెబితే నాకు నవ్వు రాదు.

ఆదివారం మాంసం కూరకి మసాలా అమ్మే నూరుతుంది. ధనియాలు, గసగసాలు, చిన్న చెక్క ముక్క, లవంగాలు రెండు. ఎప్పుడూ రెండే. మూడోది పడితే కూర చేదెక్కుతుందని మా చిన్నప్పుడు చెల్లెలి చెయ్యి పట్టుకుని మరీ ఆపింది. ఆ మనిషి కొన్ని నెలలుగా ఆరేసి వేస్తోంది. నూరిన ముద్దని ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ మళ్ళీ వాసన చూసి, ఎవరూ చూడటం లేదనుకుని ఇంకో రెండు వేస్తోంది. అడిగితే, ‘నాకు ముక్కు పోయిందిరా, చెయ్యి కూడా తప్పిపోతోంది’ అంది.

యాభై ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడిన మనిషి చేత ఆ మాట అనిపించారు. ఆవిడ ముక్కుకేం కాలేదు, చేతికేం కాలేదు. కూరలో వాసన లేకపోతే తప్పు తనదే అనుకునే మనిషి కాబట్టి మీరు బతికిపోతున్నారు. పిప్పి అమ్మండి, పిప్పి అని రాసి అమ్మండి, పిప్పి ధరకి అమ్మండి. నూనె తాగేసిన సీసాని నిండు సీసా అని అమ్మితే ఊరుకుంటామా? దొంగతనానికి కూడా ఓ హద్దుండాలి, సిగ్గులేని జన్మలు!

మర్నాడు కొట్టుకెళ్ళి ఒక లవంగాన్ని గోటితో నొక్కి చూశాను. మంచిదైతే చెమ్మ తగలాలి. కొట్టాయన నొచ్చుకున్నాడు. ‘అలా నొక్కితే మిగతావాళ్ళు ఎలా కొంటారు సార్?’ అన్నాడు. నిజమే.

గ్లాసు తీసుకెళ్ళి అమ్మకి చూపించాను. పన్నెండింటినీ ఒకసారి చూసి, మాట్లాడకుండా నీళ్ళు వంపేసి, వాటిని గుడ్డ మీద ఆరబెట్టింది. పారెయ్యమన్నాను.

‘ఎందుకురా? మీ అత్తగారు వాళ్ళొస్తే పలావులో వేద్దాం’ అంది.