కర్ణుడికి కవచం, కారుకి 9హెచ్

మనిషి కారు ఎందుకు కొంటాడు? ఎక్కడికో వెళ్ళడానికని అమాయకులు అనుకుంటారు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం పొద్దున్న ఓ అరగంట నిలబడితే ఆ భ్రమ వదిలిపోతుంది. కారు కొనేది తుడుచుకోవడానికి.

302 గారు తెల్లవారి ఆరింటికే లుంగీ ఎగ్గట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, కారు తలుపు మీద సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తుంటారు. ఓ రోజు నన్నూ పిలిచారు.

"సాలెగూడు కనిపిస్తోందా అండీ?"

కనిపించలేదు. ఫోన్ కాస్త వంచారు. కనిపించింది. నల్లరంగు మీద, వెలుగు చుట్టూ, గుండ్రంగా తిరిగిన సన్నటి గీతలు. స్విర్ల్ మార్కులట. ఆ రోజు నుంచి నా కారు మీదా అవే కనిపిస్తున్నాయి. అంతకుముందు మూడేళ్ళు సుఖంగా బతికాను.

ఈ గీతల వెనక ఒక పకడ్బందీ ఆర్థిక వ్యవస్థ ఉంది. రోజూ కార్లు తుడిచే కుర్రాడికి నెలకింతని ఇస్తాం. అతను ఒక్క బకెట్ నీళ్ళతో, ఒక్క గుడ్డతో పది కార్లు తుడుస్తాడు. మొదటి కారు దుమ్ము పదో కారుకి చేరేసరికి చేతిలో ఉన్నది గుడ్డ కాదు, ఉప్పుకాగితం. అలా పడ్డ గీతలు పోగొట్టడానికి కార్లకి మెరుగుపెట్టే డిటెయిలింగ్ షాపుకెళ్ళి, కుర్రాడి ఏడాది జీతం ఒక్క పూటలో సమర్పించుకుంటాం. మర్నాడు కుర్రాడు యథాప్రకారం బకెట్‌తో దిగుతాడు. గీసేవాడికీ మనమే, చెరిపేవాడికీ మనమే. నుదుటి రాతకి కూడా లేని సదుపాయం ఇది.

అసలు గీత పోవడమంటే పూడిపోవడం కాదు. దాని చుట్టూ ఉన్న గట్టుని గీత అడుగుదాకా అరగదీయడం. రంగు మీద ఉండే క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక అంతకన్నా లావు. అరగదీసే ముద్ద, అదే కాంపౌండ్, రాసి బఫింగ్ మిషన్ తిప్పిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. కర్ణుడు తన కవచాన్ని ఒక్కసారే ఒలిచిచ్చాడు, అదీ సాక్షాత్తూ ఇంద్రుడు వచ్చి అడిగితే. మనం ఏడాదికోసారి, ఎవరూ అడక్కుండా, జీఎస్టీ కూడా కట్టి ఒలిపించుకుంటాం.

ఒలవడం అయ్యాక కొత్త కవచం అమ్ముతారు. "సిరామిక్ కోటింగ్ వేయించండి సార్, 9హెచ్! వజ్రం 10 అయితే ఇది 9." వజ్రానికి 10 అన్నది ఖనిజాల గట్టిదనం చెప్పే మోహ్స్ కొలత. ఈ 9హెచ్‌లోని హెచ్ చిన్నప్పటి డ్రాయింగ్ క్లాసు పెన్సిల్ మీది హెచ్. 2హెచ్‌కీ హెచ్‌బీకీ దగ్గరి చుట్టం. పెన్సిళ్ళతో గీసి చూసే పరీక్ష అది. 9హెచ్ పెన్సిల్‌తో గీకినా గీత పడదని భరోసా. గొప్ప రక్షణే, కాదనను. కాకపోతే మా వీధిలో పెన్సిల్ పట్టుకుని కార్ల మీదికొచ్చినవాణ్ణి ఇంతవరకు చూళ్ళేదు. వచ్చినవాళ్ళందరి చేతుల్లోనూ తాళంచెవులూ మేకులే.

సంప్రదాయవాదులకి కార్నాబా మైనం ఉంది. ఈశాన్య బ్రెజిల్ ఎండల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు, ఒంట్లో తడి ఆరిపోకుండా ఆకు మీద మైనం పూసుకుంటుంది. ఆ ఆకు కోసి, ఎండబెట్టి, రాల్చిన పొడిని కరిగిస్తే కార్నాబా. కొన్ని మాత్రలకీ చాక్లెట్ బిళ్ళలకీ నిగనిగ దీనిదే. 302 గారి బీపీ మాత్రా, ఆ బీపీకి కారణమైన కారూ ఒకే చెట్టు చలవ కావచ్చు.

101 కుర్రాడిది లోహమార్గం. బుల్లెట్ సైలెన్సర్‌ని పాలిష్‌తో రుద్దుతూనే ఉంటాడు. తప్పు వాడిది కాదు, వాళ్ళ నాయనమ్మది. ఆవిడ చింతపండుతో బిందె తోమేది. ఇత్తడి బిందె ఎంత తోమినా లోపల ఇత్తడే. సైలెన్సర్ మీది క్రోమ్ పూత సాధారణంగా ఒక్క మైక్రాన్ కూడా ఉండదు, దానికింద నికెల్. వాడు ఇప్పటికే ఒకచోట నికెల్ దాకా వెళ్ళాడు. పసుపు చాయ తేలింది. మెరుపు పెరిగిందనుకుని మురిసిపోతున్నాడు.

మొన్న దసరాకి 302 గారు సిరామిక్ వేయించి తెచ్చారు. ఆయుధపూజకి వాళ్ళావిడ పసుపు, కుంకుమ పళ్ళెంతో వచ్చారు.

"ఆగాగు! స్టిక్కర్ బొట్టు తెచ్చాను."

"కారుకి స్టిక్కరేమిటండీ, అశుభం!"

కొబ్బరికాయ బంపర్‌కి ఎన్నడుగుల దూరంలో కొట్టాలన్న దానిమీద పంతులుగారితో కాసేపు చర్చ జరిగింది. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఆఖరికి వాచ్‌మన్ పెద్ద బంతిపూల దండ తెచ్చి బానెట్ మీద వేసి, "గాలికి పడిపోద్ది సార్" అంటూ చివర్లు పట్టుకుని అటూ ఇటూ లాగి బిగించాడు. దండ గుచ్చింది దారంతో కాదు, సన్నటి ఇనపతీగతో.

మర్నాడు ఆరింటికి సెల్లార్‌లో టార్చి వెలిగింది.