పండగ నాలుగు రోజులే కదా అనే పెద్దలకు

కనుమ నాటి మధ్యాహ్నం జరిగిన సంగతికి నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది కనుక ఇది రాస్తున్నాను. గోదావరి జిల్లాలో మా అత్తవారింటి అరుగు మీద కూర్చుని మా ఏడేళ్ళ అమ్మాయి తంపటి వేసిన తాటి తేగను తానే ఒలుచుకుని, పీచు తీసి, నిలువునా చీల్చి, లోపల చందమామ అని పిలిచే లేత మొలకను వేళ్ళ మధ్య పెట్టుకుని అపురూపంగా చూసుకుంటున్నది. అప్పుడే కారు దిగిన మా పెదమామగారు "ఛీ, ఆ మట్టి తిండేమిటే" అంటూ తేగను లాగి పెరట్లోకి విసిరేసి, పిల్లకు ఒక చేతిలో చిప్స్ పొట్లం, మరొక చేతిలో కూల్‌డ్రింకు సీసా పెట్టారు. "పండగ పూటైనా దాన్ని కడుపు నిండా తిననివ్వమ్మా" అని నాకొక హితవు కూడా చెప్పారు. కోడలిని గనుక అక్కడ నవ్వి ఊరుకున్నాను. అక్కడ మింగినదంతా ఇక్కడ కక్కుతున్నాను.

పండగ సెలవుల్లో పిల్లల చేత మంచి తిండి తినిపించడం ఎలాగని అందరూ తల్లులకే పాఠాలు చెబుతారు. అసలు పిల్లలకు నేర్పవలసినది ఏముంది? సంక్రాంతి రోజుల్లో రేగిపళ్ళు, జామకాయలు, చెరకు, తేగలు, ఉడికించిన చిలగడదుంపలు, కందికాయలు ఊరి నిండా ఉంటాయి. వాటిని పిల్లల చేతికి అందేచోట పెట్టి, కడుక్కునే పని, ఒలుచుకునే పని వాళ్ళకే వదిలేస్తే తినమని బతిమాలవలసిన అవసరమే రాదు. మా అమ్మాయి పుచ్చులు ఏరేసి రేగిపళ్ళు కడుగుతుంది, జంతికల గొట్టం తిప్పుతానని పేచీ పెడుతుంది, తాను చెయ్యి పెట్టినదాన్ని తినకుండా వదలదు. చుట్టాల సంచులు గుమ్మంలో దిగే వరకే ఈ వైభవమంతా.

అలాగని పిండివంటలను నేను వెనకేసుకు రావడం లేదు. అరిసెలో ఉన్నది బెల్లం పాకమే, వేగినది నూనెలోనో నేతిలోనో. కాని రెండో అరిసె సగంలో ఉండగానే పిల్లలకు మొహం మొత్తుతుంది, చిప్స్ పొట్లం మాత్రం అడుగున మిగిలిన ఉప్పూ కారమూ వేలితో అద్దుకుని నాకే వరకూ వాళ్ళను వదలదు. ఇక ఆ సీసా సంగతి. ఇలాంటి కోలాల్లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా పంచదార ఉంటుందని సీసా మీదే అచ్చు వేస్తారు, అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు దాటుతుంది. రోజువారీ శక్తిలో విడిగా చేర్చిన చక్కెర వాటా 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. రోజుకు దాదాపు 1,700 కేలరీలు కావలసిన ఏడేళ్ళ పిల్లకు ఆ 5 శాతమంటే సుమారు 21 గ్రాములు. పెదమామగారి ప్రేమ ఒక్క గుక్కలో ఆ లెక్క దాటేసింది.

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడిలోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ళ తరబడి పోరాడితే, విరేచనాలప్పుడు పిల్లలకు తాగించే ఓఆర్ఎస్ ద్రావణం పేరును తీపి పానీయాల డబ్బాల మీద వాడరాదని 2025 అక్టోబరులో అదే సంస్థ ఆదేశించింది. అంగడివాడికి హద్దు గీయడానికి ప్రభుత్వం ఉంది, మరి మేనమామలకూ బాబాయిలకూ 50 మీటర్ల హద్దు ఎవరు గీస్తారు?

ఆఖరికి భోగిపళ్ళను కూడా వదిలిపెట్టలేదు. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, నానబెట్టిన సెనగలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు కలిపి పిల్లల తల మీద పోయవలసిన చోట, మా ఇంట్లో ఈసారి దోసెడు చాక్లెట్లు కలిపారు. పేరంటానికి వచ్చిన పిల్లలందరూ రంగు కాగితాలు ఏరుకోవడానికి ఎగబడి రేగిపళ్ళను కాళ్ళ కింద తొక్కేశారు. అందరూ చప్పట్లు కొట్టి వీడియోలు తీసుకున్నారు.

"నాలుగు రోజులే కదా, సర్దుకో" అని మా వారి ఉవాచ. దసరాకు నాలుగు రోజులు, దీపావళికి నాలుగు రోజులు, క్రిస్మస్ కేకులకూ కొత్త సంవత్సరానికీ నాలుగు, సంక్రాంతికి మళ్ళీ నాలుగు. మధ్యలో పుట్టినరోజులూ గృహప్రవేశాలూ ఉండనే ఉన్నాయి. ఈ నాలుగు రోజుల మధ్య మామూలు రోజు ఎప్పుడు వస్తుందో ఆయనే పంచాంగం చూసి చెప్పాలి.

అసలు నా కడుపుమంట ఈ సీసాతో మొదలు కాలేదు. పిల్ల పుట్టిన నాటి నుంచీ ప్రతి పండక్కీ "ఎండిపోయిందే పాపం, ఏం పెడుతున్నావు?" అన్న ప్రశ్న నన్ను గుమ్మంలోనే పలకరిస్తుంది. ఎత్తూ బరువూ వయసుకు తగినట్టే ఉన్నాయని డాక్టరు చెప్పిన మాట అక్కడ చెల్లదు, ఎందుకంటే బుగ్గలు గిల్లితే చేతినిండా రావడమే ఆ ఇంట ఆరోగ్యానికి కొలత. అడ్డమైన గడ్డీ తినిపించే హక్కు అందరికీ ఉంది, అర్ధరాత్రి కడుపునొప్పని పిల్ల ఏడిస్తే మాత్రం "పొద్దున ఏం పెట్టావు?" అని అడిగేది నన్నే. పన్ను పుచ్చితే ఆఫీసుకు సెలవు పెట్టి దంతవైద్యుడి దగ్గర పడిగాపులు పడేదీ నేనే. పొట్లం తెచ్చినవారు అప్పటికి మంచి మామయ్యగా, మంచి తాతయ్యగా పేరు తెచ్చుకుని హాయిగా వాళ్ళ ఊరు చేరుకుని ఉంటారు.

వచ్చే పండక్కి మా ఇంటికి ఉత్త చేతులతో రావడం నామోషీ అనిపిస్తే దారిలో బండి మీద కిలో జామకాయలు కొనండి. జామకాయలు తెస్తే పరువు తక్కువ అనుకుంటే ఆ డబ్బేదో పిల్ల చేతిలో పెట్టండి, దానితో ఏం కొనుక్కోవాలో మేము చూసుకుంటాం.