నంబరు తెలియకపోతే ఫైలు లేనట్టేనా?

ముప్పై, నలభై ఏళ్ల కిందటి క్రిమినల్ కేసు తీర్పు నకలు కావాలని విజయవాడలోనో గుంటూరులోనో కోర్టుకు వెళ్తే ముందు అడిగేది కేసు నంబరు. సీసీనా (మేజిస్ట్రేటు కోర్టు కేలండర్ కేసు), ఎస్సీనా (సెషన్స్ కేసు)? ఏ సంవత్సరం, ఏ కోర్టు, తీర్పు ఎప్పుడొచ్చింది? ఒకప్పుడు బోనులో నిలబడి, కేసు కొట్టేశారన్న సంగతి తప్ప మరేదీ గుర్తులేని పెద్దాయన దీనికేం చెబుతాడు? ప్లీడరు గారు కాలం చేశారు. గుమాస్తా ఎక్కడున్నాడో తెలియదు. ఇంట్లో దాచిన కాగితాలంటారా, 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఎన్ని బీరువాలు నానాయో బెజవాడకు ఒకరు చెప్పాలా? తీరా పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో ఆ పాత కేసు బయటపడితే, అది ఎప్పుడో కొట్టేసిందని నిరూపించుకునే టెన్షనంతా ఆయనదే.

నంబరు దొరికినా ఫైలు ఏ ఊళ్లో ఉందన్నది ఇంకో చిక్కు. ఉమ్మడి కృష్ణా జిల్లా కోర్టు మచిలీపట్నంలో ఉండేది కాబట్టి బెజవాడ కేసుకు బందరు బస్సెక్కాల్సి రావచ్చు. అప్పీలుకు వెళ్లిన కేసైతే చెప్పనే అక్కర్లేదు. హైకోర్టు 1954 జులై దాకా మద్రాసు, ఆపైన రెండేళ్లు గుంటూరు, 1956 నుంచి హైదరాబాద్, 2019 జనవరి 1 నుంచి మన దగ్గర. ఇన్నిసార్లు కాపురం మారితే సామాను ఒకటీ అరా తప్పిపోతుందిలే అని సరిపెట్టుకోవడానికి ఇవి గిన్నెలూ గరిటెలూ కావు.

గడువు తీరిన రికార్డును తీసేయడాన్ని మేము తప్పుపట్టడం లేదు. 1917 నాటి చట్టం అందుకు వీలిచ్చింది, హైకోర్టుల నిబంధనలూ ఉన్నాయి. కానీ ఏది తీసేశారో, ఎందుకు తీసేశారో ఎవరికీ తెలియకపోతే ఏమవుతుందో ఈ నగరం చూసింది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో 2010లో శిక్ష పడిన యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. అసలు దోషులెవరో మళ్లీ తేల్చాల్సిన వేళకు, విజయవాడ కోర్టులో ఉండాల్సిన సాక్ష్యాధారాలు ధ్వంసమయ్యాయని బయటపడింది. దర్యాప్తుతో పాటు ఆ ధ్వంసం సంగతి కూడా తేల్చమని 2018లో హైకోర్టు సీబీఐకి చెప్పాల్సి వచ్చింది.

ఫైలు పోతే శిక్ష కూడా నిలవదు. ఓ రైల్వే ఉద్యోగి లంచం కేసులో కింది కోర్టు రికార్డే దొరకలేదు. రికార్డు చూడకుండా అప్పీలు తేల్చడం కుదరదంటూ 2023లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఆయన తప్పు చేశాడో లేదో ఇక ఎవరూ చెప్పలేరు.

డబ్బు లేదనడానికి వీల్లేదు. 2023లో కేంద్రం ఆమోదించిన ఈ-కోర్టుల (కోర్టుల కంప్యూటరీకరణ) పథకం మూడో దశకు 7,210 కోట్ల రూపాయలు కేటాయిస్తే, అందులో రెండు వేల కోట్లకు పైగా రికార్డుల స్కానింగ్‌కూ భద్రతకూ ఉద్దేశించినవే. కొత్త కేసులు ఎలాగూ కంప్యూటర్లోనే ఉంటున్నాయి. ముట్టుకుంటే పొడిపొడిగా రాలే పాత కట్టలది ఆ భాగ్యం కాదు. వాటన్నిటినీ స్కాన్ చేయడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ముగిసిన కేసుల వివరాలు రాసుకునే డిస్పోజల్ రిజిస్టర్లను ముందు కంప్యూటర్లోకి ఎక్కించాలి. ముద్దాయి పేరు, స్టేషను పేరు కొడితే కేసు నంబరు రావాలి. ఆ పేర్లు ఊరందరికీ కనబడకుండా కోర్టు సిబ్బంది వరకే ఉంచవచ్చు. తీసేయదలచిన ఫైళ్ల నంబర్ల జాబితాను మాత్రం కోర్టు నోటీసు బోర్డు మీద, బార్ అసోసియేషన్లలో మూడు నెలల ముందే పెట్టాలి. హైకోర్టు ఒక్క సర్క్యులర్ ఇస్తే ఈ పని మచిలీపట్నం, గుంటూరు రికార్డు గదుల్లో వచ్చే నెలే మొదలుపెట్టవచ్చు.