శాపం లేని చావు చెల్లదు

వీడియో గేముల్లో కథ అడిగిందంటే చాలు, అప్పటిదాకా పనిచేసిన శక్తి కారణం చెప్పకుండా పనిచేయడం మానేస్తుంది. నెల్లూరు వాణ్ణి కాబట్టి ఈ విషయంలో నోరు విప్పే హక్కు నాకు కాస్త ఎక్కువే. మా తిక్కన విరాటపర్వం మొదలుకుని 15 పర్వాలు తెలుగు చేశాడు. ఆ కథలో ఎవడి చేతిలోని అస్త్రమైనా పనిచేయలేదంటే, దాని వెనక శాపమో ఒప్పందమో ఉండి తీరుతుంది. అజ్ఞాతవాసంలో అర్జునుడి చేతిలో గాండీవం లేదంటే అది జమ్మిచెట్టు మీద భద్రంగా ఉంది. ప్రాణం మీదికొచ్చిన వేళ కర్ణుడికి మంత్రం గుర్తురాలేదంటే పరశురాముడు ఎప్పుడో శపించేసి ఉన్నాడు. రసీదు లేకుండా ఒక్క శక్తి కూడా పోదు.

అలాంటి ఊళ్లో, మూలాపేటలో, మా అక్క కొడుకు ఫైనల్ ఫాంటసీ సెవెన్ అనే వీడియో గేమ్ ఆడుతున్నాడు. 1997 నాటి ఆట, వాడికంటే పెద్దది. అందులోని విలన్ సెఫిరోత్ అనేవాడు పైనుంచి దిగి, బారెడు కత్తితో మావాడి జట్టులోని ఏరిత్ అనే అమ్మాయిని పొడిచేశాడు. చేపల పులుసు ముద్ద చేతిలో ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.

"మామా, సంచిలో ఫీనిక్స్ డౌన్లు ఉండాయి కదా! ఒకటి వేస్తే లేస్తాది కదా?"

న్యాయమైన ప్రశ్న. ఫీనిక్స్ డౌన్ అంటే పడిపోయినోళ్లను లేపే మందు, ఆటలోని అంగట్లో 300 గిల్లు (గిల్ అంటే అక్కడి డబ్బు). పోరులో పడిపోయినోళ్లను అప్పటిదాకా వాడు దాంతోనే లేపాడు. అది చావు కాదు, స్పృహ తప్పడమేనని కొందరు విజ్ఞులు సర్దిచెబుతారు. సరే, ఒప్పుకుందాం. మరి ఇదే సెఫిరోత్ చివరి పోరులో సూపర్‌నోవా అనే అస్త్రం వేస్తాడు. తోకచుక్క గ్రహాలను పగలగొట్టుకుంటూ వచ్చి సూర్యుణ్ణి ఢీకొంటుంది, సూర్యుడు ఉబ్బిపోయి బుధుణ్ణీ శుక్రుణ్ణీ మింగేస్తాడు. ఇంత ప్రళయమూ అయ్యాక మనవాళ్లకు పోయేది ఉన్న ప్రాణంలో 16లో 15 వంతులు. దాంతో ఎవడూ చావడు. కాసేపాగి మళ్లీ వేస్తాడు. గ్రహాలు యథాస్థానంలో హాజరు. సూర్యుడు పేలినా తట్టుకునే జనం, కథలో మాత్రం కత్తిపోటుకు పోతారు.

2011 నాటి స్కైరిమ్ అనే ఆటది ఇంకో అన్యాయం. ఒక్క అరుపుతో డ్రాగన్లను గడగడలాడించే వీరుడు ఊళ్లో కోడిని చంపాడా, కాపాడమని మొక్కిన ఊరే కత్తులు దూస్తుంది. (కోడి విషయంలో ఊరిదే న్యాయమని మా అక్క తీర్పు.) అదే ఊళ్లో కథకు కావలసిన పెద్దమనిషి ఉంటే, ఎంత నరికినా మోకాలి మీద కూలబడి, ఊపిరి పీల్చుకుని లేచి నిలబడతాడు. పాపం ఏరిత్! కథకు ఆమె చావే కావలసొచ్చింది.

ఇక కూతురిలాంటి పిల్ల కోసం లోకమంతా గాలిస్తూ, ఊరూరా ఆగి కార్డులాడే ది విచర్ త్రీ అనే ఆటలోని వీరుడు గెరాల్ట్ సంగతి నేను ఎత్తను. పేకాట మా జిల్లాలోనూ ఉంది.

నేనడిగేది చిన్నదే. కథ కోసం శక్తులు లాగేసుకుంటే లాగేసుకోండి. కానీ ఆట మొదట్లోనే ఎవరో ఒక మునిని పిలిపించి, "అక్కరకొచ్చిన వేళ నీ ఫీనిక్స్ డౌన్ పనిచేయకుండుగాక" అని తిట్టించండి. ఒక్క వాక్యం. దానికి గ్రాఫిక్స్ ఖర్చు కూడా ఉండదు.

లెక్కాపత్రం తెలియని మనుషులు కూడా కారు ఈ ఫైనల్ ఫాంటసీ చేసినోళ్లు. ఏరిత్ పోయాక, ఆమెకు తగిలించిన మెటీరియా (శక్తులిచ్చే మంత్రపు రాళ్లు) మొత్తం ఒక్కటీ తగ్గకుండా మావాడి సంచిలోకి తిరిగొచ్చింది. వాడు కళ్లు తుడుచుకుని, దాన్ని తీసి జట్టులోని ఇంకో అమ్మాయి టిఫాకు తగిలించేశాడు.