ఎన్నికల వేళ మాత్రల కవరు

మా ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ నాది. చెయ్యి పట్టడానికి పెట్టిన కిటికీ అది. జనం తల కూడా పెడతారు. తల పెట్టిన ప్రతివాళ్ళకీ నేను "ఇది పొద్దున, ఇది రాత్రి, ఇది తినకముందు, ఇది తిన్నాక" అని అప్పజెప్పాలి. వాళ్ళు తలూపాలి. వెనక లైన్లో ఉన్నవాళ్ళు "త్వరగా కానివ్వండి" అనాలి. ఇంటికెళ్ళాక వాళ్ళ ఇష్టం వచ్చినట్టు వేసుకోవాలి. ఏళ్ళ తరబడి ఇదే వరస.

డాక్టర్లు చీటీ మీద 1-0-1 అని రాస్తారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అర్థం. ఓ తాత మాత్రలు లెక్కపెట్టుకుని మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చాడు. "డాక్టరు నూట ఒకటి రాశాడు నాయనా, నువ్వు పదే ఇచ్చావు. మిగతా తొంభై ఒకటీ ఏం చేశావు?" లైను లైనంతా నా వంక అదోలా చూసింది.

ఆ రాత్రి ఇంట్లో ఈ సంగతి చెప్పుకుని బాధపడుతుంటే మా ఆవిడ బెండకాయలు తరుగుతూ, "కవర్ల మీద బొమ్మలు వేసిస్తే పోలా?" అంది. బెండకాయలు అయ్యేలోపు ఆ ఐడియా నాదైపోయింది.

సూపరింటెండెంట్ గారికి చెప్పి ఒప్పించాలి. ఊరికే చెబితే ఏం బాగుంటుంది? డేటా ఎంట్రీ కుర్రాడి ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. ముప్పై ఎనిమిది స్లైడ్లు వచ్చాయి. మొదటి స్లైడ్లో నా పేరు, హోదా. రెండో స్లైడ్లో ఆసుపత్రి ఫొటో, ఆసుపత్రి వాళ్ళకి ఆసుపత్రి ఎలా ఉంటుందో తెలియదన్నట్టు. మూడో స్లైడ్ నుంచి సెమ్మెల్వైస్.

ఈయన వియన్నా పెద్దాసుపత్రిలో ప్రసూతి డాక్టరు. శవాలు కోసిన చేతులతోనే కాన్పులు చేస్తున్నారు, అందుకే బాలింతలు జ్వరాలొచ్చి పోతున్నారు, క్లోరిన్ నీళ్ళతో చేతులు కడగండి అని 1847లో మొత్తుకున్నాడు. కడిగిన చోట చావులు తగ్గాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది వినలేదు. ఈయన కూడా తక్కువేం కాదు. ఆ సంగతి పుస్తకంగా రాయడానికి 1861 దాకా ఆగాడు, కాదన్నవాళ్ళకి మీరు హంతకులంటూ బహిరంగ ఉత్తరాలు రాశాడు. చివరికి 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు. ఐడియా ఎంత గొప్పదైనా చెప్పే తీరులో చెప్పకపోతే ఎవరూ వినరని చూపించడానికి ఆయన మీద ఆరు స్లైడ్లు పెట్టాను. ముప్పై ఎనిమిదిలో ఆరు!

ఆ తర్వాత ఎస్‌బార్ మీద నాలుగు స్లైడ్లు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో మొదలై ఆసుపత్రులకి పాకిన పద్ధతి అది. పై అధికారికి ఏదైనా చెప్పాలంటే ముందు పరిస్థితి, తర్వాత పూర్వాపరం, ఆ పైన మన అంచనా, చివర ఏం చేద్దామన్నది. నాలుగు ముక్కల్లో తేల్చెయ్యాలి. నాలుగు ముక్కలకి నాలుగు స్లైడ్లు సబబే కదా అనుకున్నాను.

బొమ్మలు ఏడో తరగతి చదివే మా అమ్మాయి వేసింది. పొద్దునకి రెండు కొండల మధ్య సూర్యుడు. బడిపిల్లల డ్రాయింగు పుస్తకం ఏది తెరిచినా ఉండే బొమ్మే. కొబ్బరిచెట్టూ, నదీ, పడవా తీసేయించడానికి బతిమాలాల్సి వచ్చింది. మధ్యాహ్నం ఎలా చూపించాలో తండ్రీకూతుళ్ళకి ఇద్దరికీ తోచలేదు. చివరికి ఫ్యాను కింద కునుకు తీస్తున్న తాతని వేసింది. రాత్రికి చందమామ. అరచేతిలో మాత్ర పెట్టుకున్నట్టు ఓ చెయ్యి, పక్కన నీళ్ళ గ్లాసు. కవరు చూడముచ్చటగా ఉంది. కలర్ జిరాక్స్ తీయించి ఓ పాతిక కాపీలు పట్టుకెళ్ళాను.

అది 2024 మార్చి నెలాఖరు. ఎన్నికల కోడ్ 16న వచ్చింది. సూపరింటెండెంట్ గారు అప్పటికి పది రోజులుగా నిద్రపోవడం లేదు. ఆసుపత్రిలో ఏ గోడ మీద ఏ నాయకుడి ఫొటో ఉన్నా దించేయించారు. గేటు దగ్గర శిలాఫలకానికి గుడ్డ దొరక్క బాండేజీ చుట్టించి, అది ఊడకుండా ప్లాస్టర్ వేయించారు. పోలింగ్ అయ్యేదాకా ఆ రాయి రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలినట్టే కనిపించింది. ఇదంతా నేను రోజూ చూస్తూనే ఉన్నాను. చూడటం వేరు, తట్టడం వేరు.

రివ్యూ మీటింగులో నా వంతు చిట్టచివర, 'అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు' దగ్గర వచ్చింది. అప్పటికి లిఫ్టు రిపేరు, వార్డులోకొస్తున్న కుక్కలు, తాగునీటి మోటారు అయ్యాయి. టైము ఐదు దాటింది. ప్రొజెక్టర్ వైరు ల్యాప్‌టాప్‌కి పట్టలేదు. పట్టే వైరు వెతకడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ నేను సెమ్మెల్వైస్ బాల్యం చెప్పాను. స్లైడ్లలో లేదు గానీ, ఖాళీగా ఉండటం ఎందుకని.

"అసలు విషయం ఏంటయ్యా?" అన్నారు సూపరింటెండెంట్ గారు.

"అక్కడికే వస్తున్నా సార్, పద్నాలుగో స్లైడ్."

"ఆ చేతిలో కాగితాలేంటి?"

పంచిపెట్టాను. గది నిశ్శబ్దమైపోయింది. కవరు అంత బాగా కుదిరిందా అనుకున్నాను.

సూపరింటెండెంట్ గారు కళ్ళజోడు పైకి తోసుకుని ఆ కాగితాన్ని ఎక్స్‌రే చూసినట్టు వెలుతురుకి పట్టి చూశారు. "ఫ్యాను" అన్నారు మెల్లగా. తర్వాత "గ్లాసు" అన్నారు. తర్వాత "చెయ్యి". గొంతు ఒక్కో మాటకీ ఒక్కో మెట్టు ఎక్కుతోంది.

"ఆ కొండల మధ్య సూర్యుడు మనది కాదు సార్, పక్క రాష్ట్రంలో వాళ్ళది" అన్నారు సీనియర్ అసిస్టెంట్ గారు, సాయం చేస్తున్నట్టు.

"నువ్వు మాత్రల కవరు తెచ్చావా, అఖిలపక్షాన్ని తెచ్చావా? ఇంకా సైకిలొకటి, కమలమొకటి మిగిలాయి. అవి కూడా వేయించకపోయావా?"

నేను మాట్లాడలేదు. ముప్పై నాలుగో స్లైడ్లో 'షుగర్ ఉన్నవాళ్ళకి నడక, సైకిల్ తొక్కడం మంచిది' అని బొమ్మతో సహా ఉంది. ల్యాప్‌టాప్ చప్పుడు కాకుండా మూసేశాను.

పాతిక కాపీలూ లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు. ఇరవై నాలుగే వచ్చాయి. ఇరవై అయిదోదాని కోసం అటెండర్లు బల్లల కింద వెతికారు. అది క్యాంటీన్లో బజ్జీల కింద దొరికింది. నూనె పీల్చి గ్లాసూ చెయ్యీ కలిసిపోయి పొత్తు కుదిరినట్టుంది.

రెండు వారాల తర్వాత ఓ తెల్లవారుజామున ఏడో బెడ్డుకి ఓ పెద్దాయన వచ్చాడు. ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది. పొద్దున వేసుకోవాల్సిన షుగర్ మాత్ర బీపీ మాత్రనుకుని రాత్రి కూడా వేసుకున్నాడు. సూది మందుతో తేరుకున్నాడు, భయం లేదు.

హెడ్ సిస్టర్ గారు వెంటనే పరిగెత్తలేదు. సూపరింటెండెంట్ గారు రౌండ్స్ ముగించి, టీ తాగి, కప్పు కింద పెట్టేదాకా ఆగారు. అప్పుడు వెళ్ళి నిలబడే చెప్పారు. "సార్, ఏడో బెడ్డు తాతకి షుగరు 52కి పడిపోయింది. పొద్దుటి మాత్ర రాత్రి కూడా మింగాడు. ఎక్కించాం, బాగున్నాడు. ఆయనకి చదువు రాదు, కవరు మీద రాతతో పని జరగదు. మూడు రబ్బరు స్టాంపులు చేయిద్దాం సార్. ఒట్టి సూర్యుడు, కంచం, చందమామ. కొండలొద్దు."

"చేయించమ్మా" అన్నారాయన.

అంతే. నాలుగు ముక్కలు. నేను ఎస్‌బార్ మీద స్లైడ్లు చేశాను, ఆ పేరు కూడా వినని ఆవిడ దాన్ని వాడేశారు. బయటికొచ్చి నా వంక చూసి, "ఐడియా నీదే తమ్ముడూ, నేను ఊరికే మోసుకెళ్ళాను" అన్నారు. మా ఆవిడ గుర్తొచ్చి నేనేమీ అనలేదు.

స్టాంపులొచ్చాయి. ఇంకు నా వేళ్ళకీ, చొక్కాకీ, అప్పుడప్పుడు కవర్లకీ అంటుతోంది. మొన్న ఓ మామ్మ బీపీ పెరిగి వచ్చింది. మాత్రలు రోజూ వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నా అంది. లెక్కపెడితే ఒకటి ఎక్కువ మిగిలింది.

"మొన్న అమావాస్య కదా నాయనా, చందమామ రాలేదు. ఇంకెలా వేసుకోను?"

ఈసారి ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. కప్పు కింద పెట్టిన చప్పుడు విన్నాకే గదిలోకి వెళ్ళాను. "సార్, ఓ మామ్మ అమావాస్యనాడు బీపీ మాత్ర మానేసింది. చందమామ బదులు మంచం స్టాంపు చేయిద్దాం."

సూపరింటెండెంట్ గారు చాలాసేపు ఆలోచించారు.

"మంచం ఇండిపెండెంట్లకి ఇస్తారేమో, ముందు కనుక్కో. పంచాయతీ ఎన్నికలొస్తాయి."